చివరి ఐదు మీటర్ల వేగం

పోల్ వాల్ట్ గురించి మనవాళ్లలో ఎవరిని అడిగినా ఠక్కున సూత్రం చెప్పేస్తారు. పరుగులోని గతిజశక్తి స్థితిజశక్తిగా మారుతుంది. వేగం వర్గాన్ని 2జీతో భాగిస్తే ఎత్తు వచ్చేస్తుంది. సెకనుకు 9 మీటర్లతో వస్తే సుమారు 4.1 మీటర్లు, 10తో వస్తే 5.1. నిలబడినప్పుడే మన గరిమనాభి దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది కాబట్టి దాన్నీ కలుపుకోవచ్చు. అందుకే "మంచి స్ప్రింటర్‌ని పట్టుకొచ్చి చేతికి పోల్ ఇస్తే సరి" అనే మాట గ్రౌండ్‌లో తరచూ వింటుంటాను.

లెక్క తప్పు కాదు. అందులో వేసే వేగమే వేరేది అంటాను నేను.

బోల్ట్ గరిష్ఠ వేగం సెకనుకు 12 మీటర్లు దాటింది. సూత్రం ప్రకారం అతను 8 మీటర్లు దాటేయాలి. 2025లో టోక్యోలో స్వీడన్ ఆటగాడు డుప్లాంటిస్ ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు దూకిందేమో 6.30 మీటర్లు. అతను 2024లో జ్యూరిక్‌లో 100 మీటర్లు 10.37 సెకన్లలో పరిగెత్తాడు. వేగమే, కాదనను. కానీ ఆ టైమ్‌తో ఒలింపిక్ ఫైనల్ గడప తొక్కలేం. అతని గొప్పతనమల్లా పోల్ మోస్తూ కూడా ఆ వేగాన్ని బాక్స్ దాకా నిలుపుకోవడమే.

ఐదు మీటర్ల పోల్‌ని ఒక చివర పట్టుకుంటే బరువు కన్నా టార్క్‌తోనే ఎక్కువ తంటా. అడ్డంగా పట్టుకుంటే ముందు కొన కిందికి లాగుతుంది. దాన్ని ఆపబోతే ఒళ్లు వెనక్కి వాలుతుంది, అంగ చిన్నదైపోతుంది. కొన పైకెత్తి ఉంచితే టార్క్ తగ్గుతుంది. అందుకే మంచి వాల్టర్ కొన ఎత్తి పరుగు మొదలుపెట్టి, కొద్దికొద్దిగా దించుతూ, చివరి అంగల్లో దాన్ని పడనిస్తాడు. పడే పోల్‌తో పాటే తనూ పరిగెడతాడు. ముందే దించితే అది బ్రేకు వేసినట్టే. ఆలస్యంగా దించితే బాక్స్‌లో కొన సమయానికి పడదు.

ఇక ఆఖరి అంగ. కుడిచేతివాటం వాళ్లకు ఎడమకాలు పై చేతికి సరిగ్గా కిందే పడాలి. ఇరవై అంగల్లో ఒక్కోదానికి 2 సెంటీమీటర్లు ఎక్కువైతే చివరికి 40 సెంటీమీటర్లు. కాలు అంత లోపలికి పడితే, ఇంకా నేల వదలకముందే పోల్ బాక్స్‌కి తగిలి, కుదుపంతా ఒంటికే వస్తుంది. ఎత్తు తగ్గడం ఒక్కటే కాదు. వేగం చాలక పోల్ నిలువుకు రాకపోతే మనిషి పరుపు మీద కాదు, రన్‌వే మీద పడతాడు.

కాబట్టి 100 మీటర్ల టైమ్ చూసి వాల్టర్లను ఎంచుకోవడం మానేద్దాం. పోల్ చేతిలో ఉండగా, బాక్స్‌కి 10 మీటర్ల దూరం నుంచి 5 మీటర్ల దాకా ఎంతసేపు పట్టిందో కొలుద్దాం. సెకనుకు 9 మీటర్లయితే 0.56 సెకను, 8 అయితే 0.63. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌కి ఈ తేడా సరిగా చిక్కదు. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో మాత్రం అది దాదాపు 17 ఫ్రేములు. రెండు కోన్‌లు, ఒక ఫోన్, పట్టుకోవడానికి ఒక ఫ్రెండ్ చాలు.

ఈసారి గ్రౌండ్‌లో ఎవరైనా పోల్‌తో కనబడితే "నీ హండ్రెడ్ టైమ్ ఎంత?" అని అడక్కండి. "చివరి ఐదు మీటర్లు ఎంతలో వచ్చావ్?" అని అడగండి.