అయిదొస్తే పైకేనా?

దశాంశాల్ని సవరించడం మన పిల్లలకి నేర్పుతున్న తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. "అయిదు గానీ అంతకు పైన గానీ ఉంటే పక్క అంకెకి ఒకటి కలుపు, నాలుగు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే వదిలెయ్!" అంతే. అంతకు మించి ఒక్క ముక్క చెప్పరు. ఎందుకు కలపాలి, ఎందుకు వదలాలి, అసలు దేనికోసం సవరిస్తున్నాం? ఈ ప్రశ్నలకి అక్కడ తావే లేదు. పిల్లలు ఆ ముక్క ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పి, అదే మూసలో యాభై లెక్కలు చేసి, పదికి పది తెచ్చుకుంటారు. మనమూ మురిసిపోయి పక్కింటావిడకి చెప్పుకుంటాం.

బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానివి, లెక్కల పాఠం గురించి మాట్లాడే అర్హత నీకేముందని మీరడగొచ్చు. ఇరవయ్యేళ్ళుగా సంసారం చేస్తున్నాను. ఆ అర్హత చాలదూ?

ఆవకాయే తీసుకోండి. పది కిలోలు కలిపాం. జాడీకి మూడు కిలోలు పడుతుంది. ఎన్ని జాడీలు కావాలి? భాగిస్తే 3.33. బడి సూత్రం ప్రకారం మూడు. మరి మిగిలిన కిలో ఎక్కడ పెట్టమంటారు, మేష్టారి నెత్తినా? నాలుగు జాడీలు కావాలి. సరే, గుడ్డ సంగతి చూద్దాం. అయిదున్నర మీటర్లుంది, జాకెట్టుకి 80 సెంటీమీటర్లు కావాలి. 5.5ని 0.8తో భాగిస్తే 6.875. సూత్రం ప్రకారం ఏడు జాకెట్లు రావాలి. ఏ దర్జీ కుడతాడో కనుక్కుని నాకూ చెప్పండి! వచ్చేవి ఆరే, పైన 70 సెంటీమీటర్ల ముక్క. (చేతుల్లేని జాకెట్టుకి సరిపెట్టుకుంటామంటే అది వేరే సంగతి.) మొదటి లెక్కలో మూడు ఉన్నా పైకి పోవాలి, రెండోదాంట్లో ఎనిమిది ఉన్నా కిందికి దిగాలి. ఏ ఇల్లాలికీ ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

ఇలాంటి జాడీల లెక్కకే మా వీధిలో ఒక పిల్ల నాలుగని రాస్తే, టీచరు ఎర్రసిరాతో కొట్టేసి మూడని దిద్దింది. "బళ్ళో మూడు, ఇంట్లో నాలుగు కదమ్మా?" అన్నదట ఆ పిల్ల వాళ్ళమ్మతో. విన్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. లెక్క వేరు, నిజం వేరు అని అంత చిన్న వయసులోనే ఆ పిల్లకి ఒంటబట్టిపోయింది. రేపు పెద్దదై అప్పు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వడ్డీ లెక్క నిజమేనా అని ఎందుకు చూస్తుంది చెప్పండి?

పోనీ, అయిదొస్తే పైకే అన్నదైనా వేదవాక్కా అంటే అదీ కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అణాలు పోయి రూపాయికి నూరు నయాపైసలయ్యాయి. బేడ అంటే లెక్కప్రకారం పన్నెండున్నర. ఆ అర నయాపైసాని ఏం చెయ్యాలి? సరిగ్గా సగం వస్తే కిందికే దించాలని చట్టంలోనే రాశారు. అంచేత బేడకి పన్నెండే. కొనేవాడికి లాభం, అమ్మేవాడికి నష్టం. బేడ సరుకు రెండుసార్లు విడిగా కొంటే 24, ఒకేసారి పావలాకి కొంటే 25! అదే 2017లో వచ్చిన జి.ఎస్.టి. చట్టమైతే, పన్ను మొత్తంలో యాభై పైసలొస్తే రూపాయి చేసెయ్యమంటుంది. ఈసారి సగం ఎవరి ఒళ్ళో పడిందో గమనించారా?

ఈ రెండూ కాక మూడోది ఇంకొకటుంది. ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ 1960లో వెలువరించిన ప్రమాణం ప్రకారం, సరిగ్గా సగం వస్తే సరిసంఖ్య వైపుకి వెళ్ళాలి. అంటే 2.5 రెండవుతుంది, 3.5 నాలుగవుతుంది. చాదస్తం అనకండి. నాలుగు చీటీలున్నాయనుకోండి: పదిన్నర, పదకొండున్నర, పన్నెండున్నర, పదమూడున్నర. మొత్తం 48 రూపాయలు. అన్నిటినీ పైకే సవరిస్తే 50 అవుతుంది. సరిసంఖ్యలకి సవరిస్తే 10, 12, 12, 14, చక్కగా 48! ఎప్పుడూ ఒకే వైపుకి తోస్తే ఎవరో ఒకరి కొంగు చిరుగుతుందన్నమాట. ఒకే దేశంలో ఆ సగానికి మూడు దారులు చూపించారు. పిల్లలకి మాత్రం ఒక్కటే, అదీ దేవుడు దిగొచ్చి చెప్పినట్టు.

ఇంకో తమాషా చూడండి. పాసు మార్కు 35. ఒకడికి 34.46 వచ్చింది. పూర్ణసంఖ్యకి సవరించమంటే కొందరు పిల్లలు ముందు 34.5 చేస్తారు, దాన్ని మళ్ళీ 35 చేస్తారు. ఫెయిలైనవాడు పాసయిపోయాడు! సవరించినదాన్ని మళ్ళీ సవరించకూడదు, అసలు అంకె దగ్గరికే వెళ్ళాలి అని ఇలా మార్కులతో ఒక్కసారి చెబితే ఏ పిల్లాడు మరిచిపోతాడు?

అంకెకి తోక ఉంటే దాన్ని గుడ్డిగా నమ్మడం పెద్దవాళ్ళకీ ఉంది లెండి. వుండర్‌లిష్ అనే జర్మన్ వైద్యుడు 1868లో మనిషి ఒంటి వేడి మామూలుగా 37 సెంటీగ్రేడ్ అని రాశాడు. అది రౌండు ఫిగరు. ఫారన్‌హీట్‌లోకి మార్చేసరికి 98.6 అయి కూర్చుంది. ఆ పాయింటు ఆరుని చూసి అదేదో తులాభారం తూచిన కొలత అనుకుని, 98.8 కనబడగానే పిల్లాడికి దుప్పటి కప్పేస్తాం. పొద్దుటికీ సాయంత్రానికీ ఆ మాత్రం తేడా ఎవరికైనా ఉంటుంది.

"నలభై మంది ఉన్న క్లాసులో ఇవన్నీ చెబుతూ కూచుంటే సిలబస్ ఎప్పుడవుతుందండీ?" అంటారు టీచర్లు. ఒకే మూసలో యాభై లెక్కలు చేయించడానికి టైముంది కదా? అందులో నలభై తీసేసి, ఓ జాడీ, ఓ గుడ్డముక్క, ఓ బస్సు, ఓ మార్కుల చీటీ పెట్టి, "పైకి పోతే ఎవరికి నష్టం, కిందికి దిగితే ఎవరికి నష్టం?" అని అడగమనండి. టైము మిగులుతుంది కూడా.

అమ్మలూ, మీరు కూడా "నాకు లెక్కలు రావు, ట్యూషన్ మేష్టార్నడుగు" అనడం మానెయ్యండి. పన్నెండుమంది చుట్టాలొస్తున్నారంటే ఎసట్లో బియ్యం ఎంత పొయ్యాలో క్షణంలో తేల్చే మీకు లెక్కలు రాకపోవడమేమిటి? ఈ ఆదివారం పిల్లల పుస్తకం వంటింట్లోకి పట్టుకురండి. టీచరు గనక మూడు జాడీలే అని మళ్ళీ దిద్దితే, మిగిలిన కిలో ఆవకాయ ఓ డబ్బాలో పెట్టి ఆవిడకే పంపించండి.