మెమరీ మషోరా ఎవరితో చెయ్యాలి?



మన ఇళ్ళలో ఒక రివాజు ఉంది. కంప్యూటర్ కొనాలన్నా, బాగుచేయించాలన్నా దాని ముందు కూర్చునే మనిషిని తప్ప మిగతా అందరినీ మషోరా అడుగుతాం. దుకాన్‌దార్‌ను అడుగుతాం. కువైట్‌లో ఉన్న మామూకు వాట్సాప్‌లో ఫోటో పెడతాం. ఇషా అయ్యాక మసీదు మెట్ల మీద దోస్తులను అడుగుతాం. రోజూ నాలుగు గంటలు ఆ తెర చూసే బిడ్డను మాత్రం అడగం. ఆ పిల్ల వారం నుంచి ఒకటే మాట చెప్తుంటుంది: "అబ్బా, ఇది నిదానమైపోయింది." దానికి మన జవాబు రెండిట్లో ఒకటి. "పాత డబ్బాకు పైసలు పెట్టొద్దు" అంటాం. లేదంటే "దాన్ని తీసేసి కొత్తది కొందాంలే, ఈద్ కానీ" అంటాం. మొదటిది కంజూసీ. రెండోది సఖావత్ ముసుగేసుకున్న వాయిదా. ఈద్ వస్తుంది, పోతుంది. పిల్ల అదే నిదానం ముందు కూర్చుని ఉంటుంది.

నా దావా ఇది. చిన్న డెస్క్‌టాప్‌లో మెమరీ పెంచాలా వద్దా అన్నది షౌక్‌తోనో, దుకాణం మాటతోనో తేల్చేది కాదు. హిసాబ్ చూసి తేల్చాలి. ఆ హిసాబ్ ఇంట్లోనే పది నిమిషాల్లో తేలుతుంది. చూడాల్సింది ఆ మెషిన్ మీద పనిచేసే మనిషి. అది మీ కూతురైతే మీ కూతురే.

ముందు ఈ డబ్బాల సంగతి. మా దొర్నిపాడు, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల వైపు ఇళ్ళలో కనిపించే చిన్న డెస్క్‌టాప్‌లు చాలావరకు కొత్తగా కొన్నవి కావు. పెద్ద ఊళ్ళలో కంపెనీలు కొన్నేళ్ళు వాడి పక్కన పెట్టినవి. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటివి. లావుపాటి ఉర్దూ లుగాత్ అంత ఉంటాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ ఇట్లాంటివి, వాటి సామాను దొరుకుతాయి. చూడడానికి చిన్నవే గానీ, ఆఫీసుల్లో పొద్దస్తమానం నడవడానికి చేసినవి. మూత తీస్తే చాలావాటిలో మెమరీకి రెండు అరలుంటాయి. తరచూ ఒకటి ఖాళీగానే ఉంటుంది.

మెమరీ అంటే ఏంటో దుకాన్‌దార్ చెప్పడు. నేను చెప్తాను. దాన్ని దస్తర్‌ఖాన్ అనుకోండి. డిస్కు వంటగది. దస్తర్‌ఖాన్ పెద్దదైతే బగారా, దాల్చా, ఖట్టా అన్నీ ఒకేసారి పరుచుకుని తినొచ్చు. చిన్నదైతే ఒక గిన్నె లోపలికి తీసుకుపోయి ఇంకో గిన్నె తేవాలి. తినే టైమ్ కంటే తిరిగే టైమ్ ఎక్కువవుతుంది. కంప్యూటర్ కూడా మెమరీ నిండిందంటే ఇట్లాగే సామానును డిస్కు మీదకు తోసి, మళ్ళీ లాక్కుంటుంది. పిల్ల "నిదానం" అంటున్నది ఈ తిరుగుడినే. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. దస్తర్‌ఖాన్ మీద జాగా ఉండి కూడా భోజనం ఆలస్యమవుతుంటే తప్పు పొయ్యిదో, వంటగదిదో. అప్పుడు ఇంకో దస్తర్‌ఖాన్ కొంటే ఏం లాభం?

ఇప్పుడు హిసాబ్. పిల్ల రోజూ తెరిచేవన్నీ తెరవమనండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమనండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. మా ఇంట్లో ఉన్నది ఆరో తరం ఐ5 డబ్బా, 4 జీబీ. మా పెద్దమ్మాయి డిగ్రీ క్లాసుల కోసం బ్రౌజర్‌లో ఏడు పేజీలు, ఒక పీడీఎఫ్, ఒక ఎక్సెల్ తెరిచి చూసింది. వాడకంలో 3.5 జీబీ, "కమిటెడ్" అన్నచోట 6.2. అంటే నాలుగు మంది పట్టే దస్తర్‌ఖాన్ మీద ఆరుగురిని కూర్చోబెట్టాం. "స్లాట్స్ యూజ్డ్" అన్నచోట రెండిట్లో ఒకటి. ప్రాసెసర్ మాత్రం సగం కూడా పనిచేయడం లేదు. ఫైసలా అక్కడే అయిపోయింది. నంద్యాలలో ఒక దుకాణం మాత్రం మూత కూడా తీయకుండా "ఇది అయిపోయింది సార్, కొత్తది తీసుకోండి" అనింది. అంకె ఒకటి చెప్తోంది, కౌంటర్ ఇంకొకటి చెప్తోంది. నేను అంకెను నమ్మాను. ఖాళీ అరలో 8 జీబీ వేయించాను. ఇప్పుడు అవే పనులకు 5.8 దాకా పోతుంది, ఆ పైన ఆగిపోతుంది.

దీని మీద నాకు ఎదురొచ్చిన దలీళ్ళు ఒక్కొక్కటిగా తీసుకుందాం.

మొదటి దలీల్: "విండోస్ 10 కాలం అయిపోయింది. చచ్చిన గుర్రానికి దాణా ఎందుకు?" ఇది గట్టి మాటే, దాటేయకూడదు. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 ఉండాలి. ఆరో తరం డబ్బాకు ఆ దారి లేదు. ఒప్పుకుంటాను. కానీ విండోస్ పోతే మెషిన్ మయ్యత్ అయిపోయినట్టా? లినక్స్ మింట్, ఉబుంటు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో తెలుగు, ఉర్దూ కీబోర్డులు రెండూ ఉన్నాయి. తెలుగులోనే లినక్స్ తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్ళుగా పనిచేసింది. బ్రౌజర్, లెక్కల పట్టీ, రాత, వీడియో క్లాసు అన్నీ నడుస్తాయి. ఈ రోజు వేసిన మెమరీ రేపు లినక్స్‌కూ పనికొస్తుంది. ఒక్క మినహాయింపు: పిల్ల ట్యాలీ లాంటి విండోస్ సాఫ్ట్‌వేరే నేర్చుకోవాలంటే ఆ పైసలు దాచి, ఎనిమిదో తరం డబ్బా చూడండి. ఈ మాట కూడా పిల్లే చెప్పగలదు.

రెండో దలీల్: "ఫోన్ ఉంది కదా, ట్యాబ్ ఉంది కదా." నాకు కోపం తెప్పించేది ఇదే. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. పాఠం చూడడానికి అవి సరే. చూడడం వేరు, చెయ్యడం వేరు. ఈఏపీసెట్ కంప్యూటర్ మీదే రాయాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు పరీక్షలు కంప్యూటర్ మీదే జరిగాయి. ఉర్దూ మీడియం టీచర్ కావాలనుకున్న బిడ్డ కూడా అక్కడే కూర్చోవాలి. మౌస్ మీద చెయ్యి తిరగని పిల్ల పరీక్ష హాల్లో మొదటి పది నిమిషాలు ప్రశ్నతో కాదు, మెషిన్‌తో కుస్తీ పడుతుంది. ఇంకో సంగతి. ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? కొడుకు చేతిలో. కొడుక్కు ఫోన్ ఉంది, బైక్ ఉంది, నంద్యాల పోయి నెట్ సెంటర్‌లో కూర్చునే ఆజాదీ ఉంది. బేటీకి ఉన్నది ఇంటి మూలలో ఆ ఒక్క డబ్బా. అది నిదానమైతే మూసుకుపోయేది ఆమె తలుపే. కాబట్టి మెమరీ ఖర్చును షౌక్ లెక్కలో రాయకండి, తాలీమ్ లెక్కలో రాయండి. షాదీలో ఒక దేగ్ ఎక్కువ వండించేటప్పుడు మనం ఇంత మషోరా చేస్తామా?

మూడో దలీల్ దీనికి ఉల్టా: "వేస్తే 16 వెయ్యి, 32 వెయ్యి, మళ్ళీ చూసుకోనక్కర్లేదు." ఇది కుర్రాళ్ళ మాట, దుకాన్‌దార్‌కు ఇష్టమైన మాట. నేను పొద్దున తెలుగులో రాస్తాను, రాత్రి ఉర్దూలో రాస్తాను. రాత మెమరీని తినదు. యూనికోడ్‌లో ఒక తెలుగు అక్షరపు గుర్తుకు మూడు బైట్లు, ఉర్దూ హర్ఫ్‌కు రెండు బైట్లు పడతాయి. పదివేల గుర్తుల వ్యాసం 30 కిలోబైట్లు. అట్లాంటివి రెండున్నర లక్షలు 8 జీబీలో పడతాయి. తినేది బ్రౌజర్, వీడియో. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' అఖ్బార్‌ను కాతిబ్‌లు కలం పట్టి రాస్తూ వచ్చారు. వాళ్ళ పనికి కలం చాలింది. మన పిల్లల పనికి మామూలుగా 8 చాలు, మహా అయితే 12 లేదా 16. వీడియో ఎడిటింగ్ చేసే బిడ్డ ఉంటే అది వేరే మాట. ఖాళీగా పడి ఉండే మెమరీ కొనడం ఇస్రాఫ్. దానికి ఇంకో పేరు లేదు.

నాలుగో దలీల్: "ధరలు పెరిగాయి, తగ్గేదాకా ఆగుదాం." పెరిగిన మాట నిజం. ప్రపంచంలో ఈ మెమరీ చిప్పుల్లో ఎక్కువ భాగం సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే చేస్తాయి. ఏఐ కోసం కట్టే డేటా సెంటర్లు వాటి సరుకును లాగేసుకుంటున్నాయి. 2025 డిసెంబరులో మైక్రాన్, మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పింది. అంటే మనలాంటి గిరాకీ వాళ్ళకు అక్కర్లేదు. ఎప్పుడు తగ్గుతుందో ఎవరూ హామీ ఇవ్వడం లేదు. పిల్ల చదువు సంవత్సరం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అయినా కొత్త మెషిన్ ధరతో పోలిస్తే ఒక 8 జీబీ ముక్క ఇప్పటికీ చిన్న భాగమే. పాత ఆఫీసు మెషిన్లలోంచి తీసిన ముక్కలు కూడా దొరుకుతాయి. వారంటీ ఎన్ని రోజులో కాగితం మీద రాయించుకుని తీసుకోండి.

ఇక పైసలు పెట్టకూడని చోట్లు. డిస్కు ఎప్పుడూ 100 శాతం చూపిస్తూ, మెమరీలో జాగా మిగిలి ఉంటే, లోపల తిరిగే పాత హార్డ్ డిస్కు ఉంటే, ముందు దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ప్రాసెసర్ 100 శాతంలో ఉంటే మెమరీ దాన్ని కాపాడలేదు. మెమరీని బోర్డుకే అతికించిన మెషిన్లుంటాయి. 2020 నుంచి వస్తున్న ఎం వరుస చిప్పుల యాపిల్ మ్యాక్ మినీ అట్లాంటిదే, అందులో ఇంట్లో పెంచే దారి లేదు.

కొనేముందు రకం చూడండి. ఈ చిన్న డబ్బాల్లో ల్యాప్‌టాప్ సైజు ముక్కలే పడతాయి. ఆరో తరంలో కొన్నింటికి డీడీఆర్3ఎల్, కొన్నింటికి డీడీఆర్4. ఒకదాని గాటు ఇంకోదానికి సరిపోదు, బలవంతంగా నొక్కితే అర విరుగుతుంది. ఉన్న ముక్క తీసి, దాని మీది చీటీ ఫోటో తీసుకుపోతే ఏ దుకాన్‌దారూ మోసం చెయ్యలేడు. రెండు ముక్కల వేగాలు వేరైతే తక్కువదానితోనే రెండూ నడుస్తాయి, భయం లేదు. ప్లగ్గు పీకి, ఇనుము ముట్టుకుని, తర్వాతే చెయ్యి పెట్టాలి. ఈ పని కూడా బేటీ చేతే చేయించండి. రెండు క్లిప్పులు, ఒక స్క్రూ, అంతే.

అబ్బాజాన్‌లకు నా ఆఖరి మాట. ఇంటి పైసలు మీ చేతిలో ఉండొచ్చు, ఆ మెషిన్ నిదానం భరించేది మీరు కాదు. కాబట్టి క్రమం మార్చండి. ముందు పిల్ల చెప్పే అంకె వినండి. దుకాన్‌దార్ చెప్పే ధర ఆ తర్వాత. మామూ మషోరా అన్నిటికంటే ఆఖరున.