చెయ్యి పెట్టొద్దన్నారు

పోయిన నెల పీఎఫ్ నామినీ కాగితం గురించి రాస్తే చాలా ఫోన్లు వచ్చాయి. ఈ నెల కారు గురించి రాస్తున్నాను. అదీ మామూలు కారు కాదు, అరకోటి పలికే జర్మనీ కారు. "మాస్టారూ, గిర్ని కార్మికుల పత్రికలో అరకోటి కారేంది?" అని మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. కానీ మనోళ్ల పిల్లలు ఇప్పుడు కొంటున్నారు. భివండీలో సాంచెలు పెట్టుకున్నోళ్లున్నారు, పుణెలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు, షోలాపూర్ నుంచి తువ్వాళ్లు ఎగుమతి చేసేవాళ్లున్నారు. డబ్బు వచ్చింది గానీ పెద్ద దుకాణం గడపలో నిలబడ్డప్పుడు మన ఒంట్లోకి వచ్చే ఆ బెరుకు ఇంకా పోలేదు. ఈ నెల కథ ఆ బెరుకుదీ, దానికి మనం చెల్లించబోయి తప్పించుకున్న ధరదీ.

మా బావ 1968లో సిరిసిల్ల నుంచి బొంబాయి వచ్చాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. మొదట బద్లీ, తర్వాత పర్మనెంటు, సాంచా ఖాతాలో పని. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది గిర్నీలు విడిచి బయటికొచ్చిన సమ్మె అది. దత్తా సామంత్ పేరు వింటే మా బావ ఇప్పటికీ చేతులు జోడిస్తాడు, మా అక్క మూతి తిప్పుకుంటుంది. ఇద్దరి లెక్కలూ వేరు. ఆ సమ్మె తర్వాత బావను గిర్ని మళ్లీ పిలవలేదు. భివండీ పోయి ఇంకొకరి పవర్‌లూం మీద పీసు లెక్కన కూలి చేశాడు. ఇప్పుడు అదే భివండీలో ఆయన కొడుకు, అంటే మా మేనల్లుడు, ఇరవై నాలుగు రాపియర్ మగ్గాలు నడుపుతున్నాడు.

వాడికి కారు పిచ్చి లేదు. పదకొండేళ్లుగా ఒకటే పాత బండి తిప్పుతున్నాడు. ఈసారి సిరిసిల్లలో పెళ్లికి బావను మంచి బండిలో తీసుకుపోవాలని మనసైంది. "నువ్వు కూడ రా మామా, కాగితాలు నువ్వు సూస్తవు" అన్నాడు. బడిపంతులుగా రిటైరైన నాకు మా చుట్టాల్లో మిగిలిన హోదా అదొక్కటే, కాగితాలు చూడడం.

శనివారం పొద్దున పోయాం. ఆ షోరూం ఉన్నది ఒకప్పటి గిర్ని కాంపౌండులో. ఏ గిర్నియో చెప్పను, చెబితే షోరూం ఏదో తెలిసిపోతుంది. మన గిరణ్‌గావ్‌లో ఇది కొత్తేం కాదు. ఫీనిక్స్ మిల్లు మాల్ అయిపోయింది, కమలా మిల్లులో ఆఫీసులూ హోటళ్లూ వచ్చాయి. బావ పని చేసిన గిర్ని దీనికి రెండు గేట్ల అవతల ఉండేది. ట్యాక్సీ దిగగానే ఆయన తలెత్తి చిమ్నీ కోసం వెతికాడు. అద్దాల మేడ కనబడింది.

అల్లుడు కార్ఖానా నుంచి నేరుగా వచ్చాడు, చెప్పులు, పొట్టిచేతుల చొక్కా, భుజం మీద దూది పొల్లు. బావ తెల్ల ధోతి, తెల్ల అంగీ. నా సంగతి సరేసరి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మర్యాదగానే అడిగాడు, "డిలీవరీ హై క్యా? పీఛే వాలా గేట్." కారు చూడ్డానికొచ్చామంటే ఒక్క క్షణం ఆగి తలుపు తీశాడు. అతని తప్పు నాకేం కనబడలేదు. ఆ గేటులోంచి ఎలాంటివాళ్లు లోపలికి పోతారో రోజూ చూస్తున్నవాడు అడిగిన ప్రశ్న అది.

తప్పంతా లోపల ఉంది. ఇరవై నిమిషాలు ఎవరూ మా వైపు రాలేదు. నలుగురు కుర్రాళ్లు, ఇద్దరమ్మాయిలు, అందరి చేతుల్లో ట్యాబ్‌లు. మా తర్వాత వచ్చిన జంటకు కాఫీ వచ్చింది, నీళ్ల సీసాలు వచ్చాయి, కారు తలుపులు నాలుగూ తెరుచుకున్నాయి. మేం నిలబడే ఉన్నాం. బావ మాత్రం తన పనిలో తానున్నాడు. తలుపు తీసి ఉన్న ఒక కారు దగ్గరికి పోయి, వంగి, సీటు మీద కుట్టు వెంబడి బొటనవేలు నడిపించాడు. బట్ట చెక్కర్ దగ్గరికి పోయేముందు మూడు దశాబ్దాలకు పైగా చేసిన పని అది, వేలితో తప్పు వెతకడం.

"అంకుల్, హాత్ మత్ లగావో."

గట్టిగా కూడా అనలేదు ఆ కుర్రాడు. పిల్లాణ్ణి అన్నట్టు అన్నాడు. బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని ఆ చేతిని ధోతికి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూశాక అల్లుడి మొహం నేను చూడలేకపోయాను.

ఆ తర్వాత ఐదు నిమిషాల్లో జరిగిందే ఈ వ్యాసం రాయించింది. అల్లుడు ఫోను తీశాడు. "మేనేజర్ను పిలువు. ఇప్పుడే ఐదు లక్షలు కొడత. మిగిలింది సోమవారం. టాప్ మోడల్." హిందీలో, మరాఠీలో, మధ్యలో మన తెలుగులో అన్నాడు. బ్యాంకు మూసి ఉందనే సాకు కూడా లేదు, ఆర్టీజీఎస్ ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. షోరూంలో గాలి మారిపోయింది. కుర్చీలు వచ్చాయి, కాఫీ వచ్చింది, సూటు వేసుకున్న మేనేజరు వచ్చాడు. చేతిలో బుకింగ్ ఫారం, పైన పెన్ను. అల్లుడు చదవకుండానే పెన్ను అందుకున్నాడు.

అవమానంలో ఉన్న మోసం అక్కడుంది, అక్కలారా అన్నలారా. కోపమొచ్చినవాడు బేరమాడడు. తనను చిన్నగా చూసినవాడి ముందు డిస్కౌంట్ అడగడమంటే మళ్లీ చిన్నబోవడమే అనిపిస్తుంది. చూడు నా దగ్గరెంతుందో అని చూపించడానికే సంతకం పెడతాడు. వాళ్లు కావాలని చేస్తారని నేననను. కానీ నష్టం మాత్రం మనకే.

2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో ఒక రైతు సరుకుల బండి కొనడానికి పోతే, జేబులో పది రూపాయలైనా ఉన్నాయో లేదో అన్నట్టు సేల్స్‌మన్ ఎద్దేవా చేశాడని పత్రికల్లో వచ్చింది గుర్తుందా? ఆయన అరగంటలో పది లక్షలు తెచ్చాడు. అప్పుడు బండి ఇవ్వడం వాళ్లవల్ల కాలేదు. దేశమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. చప్పట్లలో ఒక సంగతి మరుగున పడింది: ఆ రైతు డబ్బు చూపించి ఊరుకోలేదు, పోలీసుల దాకా పోయి క్షమాపణ అడిగాడు, చెప్పించుకున్నాడు. (మన భివండీ వాళ్లకో మాట. సంచిలో నగదు పట్టుకుపోయి ఇలా చేద్దామనుకోకండి. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2017 నుంచి చట్టముంది.) అల్వార్ మహారాజు లండన్ షోరూంలో అవమానపడి, రోల్స్‌రాయిస్‌లు కొని చెత్త ఎత్తించాడని ఇంకో కథ చెబుతారు. దానికి కాగితం మీద సాక్ష్యమేం లేదు. ఉన్నా అది ఖజానా ఉన్నవాడి కోపం. మన కోపానికి డబ్బు మగ్గాల మీంచి రావాలి.

పెన్ను ఆపింది నేను కాదు, బావ. "బిడ్డా, కాయితం ఇంటికి తీస్కపోదాం. మామ సదువుతడు." అంతే అన్నాడు. మేనేజరు ఆఫరు ఇవాళే అన్నాడు. బావ లేచి నిలబడ్డాడు.

ఇంటికొచ్చి చదివాను. కారు ఎక్స్‌షోరూం ధర 48 లక్షలు, పెట్రోలు బండి. జీఎస్టీ అందులోనే కలిసి ఉంటుంది. దాని మీద మహారాష్ట్రలో రిజిస్ట్రేషన్ పన్ను, వ్యక్తి పేరు మీదైతే 13 శాతం. ఫారంలో 20 శాతం వేసి ఉంది. ఎందుకని చూస్తే కొనుగోలుదారు పేరు దగ్గర అల్లుడి కంపెనీ పేరుంది. వాడిచ్చిన విజిటింగ్ కార్డు చూసి రాసేశారు, వాణ్ణి అడగలేదు. కంపెనీ పేరు మీదైతే నిజంగానే 20 శాతం. తేడా లెక్క కట్టండి, మూడు లక్షల ముప్పై ఆరు వేలు. మా బావ సమ్మెకు ముందు ఏళ్లకేళ్లు తెచ్చిన పగారంతా కలిపినా అంత కాదు. కంపెనీ పేరు మీద కొంటే ఆదాయపు పన్నులో ఏదో లాభముండొచ్చు, అది మీ ఆడిటర్‌ను అడిగి మీరు తేల్చుకోవాలి, షోరూం కుర్రాడు కాదు.

ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే తీసుకోవాలన్నట్టు ముందే రాసి ఉంది. అలా ఏం లేదు, బయట ఎక్కడైనా తీసుకోవచ్చు. నాలుగు కంపెనీల రేట్లు తెప్పించి వాళ్ల ముందు పెట్టండి. లాజిస్టిక్స్ అని 25 వేలు వేశారు. దేనికని ఫోనులో అడిగితే రెండో మాట లేకుండా కొట్టేశారు. టీసీఎస్ అని 48 వేలు ఉంది, అది మాత్రం సరైనదే. పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం వసూలు చేస్తారు, రిటర్ను వేసేటప్పుడు మన పన్నులో సర్దుకోవచ్చు. చాలామందికి ఇది తెలియక వదిలేస్తున్నారు.

అసలుది చివర్న బయటపడింది. తయారైన నెల, సంవత్సరం ఎక్కడా లేదు. అడిగితే మేనేజరు నసిగి నసిగి, పోయిన ఏడాది ఆగస్టు బండి అన్నాడు. "ఇవాళే" అన్న ఆఫరు కిటుకు అదీ. పాత స్టాకు అమ్మడం నేరం కాదు, చెప్పి తగ్గించి అమ్మితే. చెప్పకుండా అమ్మితే అది వేరే సంగతి. డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబరు, తయారీ నెల రాయించుకోండి. తర్వాత ఫారం 21 అనే సేల్ సర్టిఫికెట్‌లో అదే ఉందో లేదో చూసుకోండి.

ఇలాంటి వాటికి 1915 అనే వినియోగదారుల హెల్ప్‌లైను ఉంది. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్, చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే అక్కడే. పాత బండి అంటగట్టినా, బుకింగ్ డబ్బు తిరిగివ్వకపోయినా వాటికి అక్కడ దారుంది. "హాత్ మత్ లగావో" అన్నందుకు ఏ కమిషన్‌లో ఏం రాయాలో నాకు తోచలేదు. అయినా అల్లుడు కారు కంపెనీ ఆఫీసుకు ఉత్తరం రాశాడు. షోరూం వేరే యజమానిది, కంపెనీ వేరు. ఈ తేడా తెలుసుకోండి, డీలరు వినకపోయినా కంపెనీ వినొచ్చు.

వినింది. మేనేజరు అల్లుడికి ఫోను చేశాడు, సారీ సార్, సారీ సార్. అల్లుడు "నాకు కాదు, మా నాయనకు చెప్పు" అని ఫోను బావకిచ్చాడు. బావ విన్నాడు. "ఠీక్ హై బాబూ, ఆ పిల్లగాణ్ణి ఉద్యోగంలకెల్లి తీయకుర్రి" అని తెలుగులోనే చెప్పి పెట్టేశాడు. అవతలివాడికి అర్థమైందో లేదో. ఎందుకలా అన్నావని మా అక్క కోప్పడింది. పని పోతే ఎట్లుంటదో తనకు తెలుసన్నాడు.

రెండు వారాలకు అదే కంపెనీ కారు ఠాణేలో ఇంకో డీలరు దగ్గర చూశాం. అక్కడ ఒకమ్మాయి వచ్చి, ముందు బావకే తలుపు తీసి, "బైఠియే బాబా" అంది. బావ వెంటనే కూర్చోలేదు. నన్ను చూశాడు, అమ్మాయిని చూశాడు, తర్వాత మెల్లగా సీటు మీద వేలు పెట్టాడు. కుట్టు వెంబడి నడిపించి, ఇది తోలేనా అని అడిగాడు. కాదు, నకిలీ తోలు, అసలుది కావాలంటే వేరే మోడల్‌లో వస్తుంది, ధర ఎక్కువ అంది ఆ అమ్మాయి.

బావ అప్పుడు కూర్చున్నాడు. "నేను మొన్ననే అనుకున్న, రెక్సినని," అన్నాడు నాతో. తర్వాత అల్లుడివైపు తిరిగి, "తోలు కానప్పుడు 48 ఎందుకురా, తగ్గించమను" అన్నాడు.

బేరం ఇంకా నడుస్తోంది. పెళ్లి ఫాల్గుణంలో.