వానలో కోవళం దాకా

ఈ గోడ దగ్గర నిలబడి చదివేవాళ్ళలో సగంమందికి సంగతి ముందే తెలుసు. సోమవారం నేను కుంటుకుంటూ క్లాసుకొచ్చినప్పుడే అందరూ అడిగారు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే "ఎలా నడిచారే?" అని అడిగినవాళ్ళు తక్కువ, "ఇంట్లో ఎలా ఒప్పుకున్నారే?" అని అడిగినవాళ్ళు ఎక్కువ.

నవంబరులో ఒక శనివారం పొద్దున ఆరింటికి తిరువాన్మియూరు బీచిలో బయల్దేరాం. మా అక్క, నేను, మన క్లాసమ్మాయి ఒకతె. నాలుగో అమ్మాయి రావలసింది, రాలేదు. ఆ సంగతి తర్వాత. సాయంత్రానికి కోవళం చేరి, సరుగుడు తోపులో టెంటు వేసుకుని పడుకుని, ఆదివారం బస్సెక్కి వచ్చెయ్యాలని అనుకున్నాం. దూరం సుమారు 25 కిలోమీటర్లు. రోడ్డుమీదైతే ఫరవాలేదుగానీ ఇసకలో ఒక కిలోమీటరు రెండు కిలోమీటర్ల పెట్టు. నీళ్ళంచున తడిఇసక గట్టిగా ఉంటుంది కదా అని అక్కడ నడిస్తే తీరం వాలుగా ఉంటుంది. దక్షిణానికి పోతున్నాం, సముద్రం ఎడమవైపు. పొద్దుటినించి సాయంత్రం దాకా ఎడమకాలు పల్లంలోనే. కుంటినది అందుకు.

నీలాంగరై దాటాక వాన పట్టుకుంది. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వాన ఎవరికి కొత్త? కానీ మనం ఎప్పుడూ దాన్ని కిటికీలోంచో బస్టాపులోంచో చూస్తాం. అక్కడ అది సముద్రంమీదనించి బూడిదరంగు తెరలాగా వస్తూ కనిపిస్తుంది. వచ్చేలోపల బ్యాగు కట్టుకోవచ్చు, ఫోను కవర్లో పెట్టుకోవచ్చు, పారిపోవడానికి మాత్రం చోటు లేదు. ఇంజంబాక్కం నించి ఉత్తండి వరకూ చాలాచోట్ల బంగళాల గోడలు ఇసకదాకా వచ్చేశాయి. ఆ గోడల పక్కన నిలబడితే కాపలావాళ్ళు మమ్మల్ని అనుమానంగా చూశారు. కుప్పం వచ్చిన చోటల్లా వలల పాక కిందికి పిలిచి కూర్చోమన్నారు. ఒకచోట టీ ఇచ్చి "గొల్టి పిల్లలా?" అని నవ్వారు. ఆ మాటకి నాకు మామూలుగా కోపం వస్తుంది, ఆ రోజు రాలేదు.

యాత్రలు రాసే మగవాళ్ళు రాయని సంగతి ఒకటుంది. ఆ తీరం పొడుగునా ఆడవాళ్ళకి మరుగుదొడ్డి వెతుక్కోవడం వానకంటే కష్టం. మేం నీళ్ళు తాగడం తగ్గించేశాం, అందుకే మధ్యాహ్నానికి తలనొప్పి. ఇంక ముట్టుకాడు దగ్గర అసలు భయం. ఎండాకాలంలో అక్కడ వాగు నోటికి ఇసక మేట వేసి ఉంటుంది, నడిచి దాటేవాళ్ళున్నారట. వానల్లో ఆ నోరు తెరుచుకుని నీళ్ళు సముద్రంలోకి లాగేస్తుంటాయి. మేం వెనక్కి తిరిగి, ఈసీఆర్ ఎక్కి వంతెనమీద దాటాం. మా అమ్మ భయపడాల్సింది అక్కడ. ఆవిడ భయపడింది మాత్రం "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు" అని.

టెంటు సంగతీ చెప్పాలి. ఇసకలో మేకులు నిలవవు. క్యారీబ్యాగుల్లో ఇసక నింపి, తాళ్ళు వాటికి కట్టి, పాతిపెట్టాం. గంటసేపు బాగానే ఉంది. చీకటిపడ్డాక గాలి మొదలై ఒక పక్క ఊడిపోయింది. పక్క కుప్పం నించి ఒక పెద్దావిడ లాంతరుతో వచ్చి, ఈ రాత్రి సముద్రం బాగాలేదు, లేవండని కసిరి, చేపలు వేలం వేసే షెడ్డులోకి తీసుకుపోయింది. కాబట్టి మేం ఆరుబయట పడుకున్నామని గొప్ప చెప్పుకోవడానికి లేదు. సిమెంటు నేలమీద టెంటు పరుచుకుని, చేపల వాసనలో, పొద్దున నాలుగుదాకా నిద్ర రాకుండా పడుకున్నాం. అయినా ఎవరైనా మళ్ళీ వెళ్తావా అంటే ఈ శనివారమే వెళ్తాను.

ఇప్పుడు రాని అమ్మాయి సంగతి. ఆమె హాస్టల్లో ఉంటుంది. అనుమతికోసం రాసిన ఉత్తరం "ఆడపిల్లలు, వానాకాలం, కుదరదు" అన్న జవాబుతో తిరిగొచ్చింది. వానాకాలం అన్న మాటతో నాకు పేచీ లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మన వీధులు ఏమయ్యాయో చూశాం. పిడుగులున్న రోజున ఖాళీ తీరంమీద నిలబడడం తెలివితక్కువ. కానీ ఆ కారణమైతే జనవరిలో ఒప్పుకోవాలి కదా? ఒప్పుకోరని మనందరికీ తెలుసు.

మనం ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర చదివాం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న పట్నంలో బయల్దేరి, తిరుగుదారిలో జగన్నాథం, శ్రీకాకుళం, విశాఖపట్నం, నెల్లూరు మీదుగా ఈ కోస్తా వెంటే 1831 సెప్టెంబరు 3న ఇంటికొచ్చారు. ప్రతి మజిలీలో దారి ఎలా ఉంది, ఏం దొరుకుతుంది, ఎక్కడ దిగవచ్చు అని రాసుకుంటూ పోయారు. పరీక్షలో మనం "తెలుగులో తొలి యాత్రాచరిత్రల్లో ఒకటి" అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. దాదాపు వందమంది పరివారం, అందులో ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు. పల్లకీ మోసిన బోయీలు ఆయనకంటే ఎక్కువే నడిచి ఉంటారు. ఆ ఆడవాళ్ళకి ఆ వానలు ఎలా గడిచాయో మనకి తెలీదు, వాళ్ళు రాయలేదు. మనకి రాయడం వచ్చు, నడవడానికే సెలవు లేదు.

మేడమ్‌గారు వెంటనే అడుగుతారు, "బాధ్యత ఎవరిదమ్మా?" అని. న్యాయమైన ప్రశ్నే. దీనికి చెన్నైలోనే ఒక జవాబుంది. 1988 నించి విద్యార్థులు మొదలుపెట్టిన సముద్రతాబేళ్ళ సంరక్షణ బృందం ఏటా జనవరి నించి నీలాంగరై, బెసంట్ నగర్ల మధ్య అర్ధరాత్రి నడుస్తుంది, సుమారు 7 కిలోమీటర్లు. అమ్మాయిలూ నడుస్తారు. టార్చి ఇష్టమొచ్చినట్టు వెయ్యకూడదు, గోల చెయ్యకూడదు, చెప్పినట్టు వినాలి. ఆ నెలల్లో తీరంమీద టెంటు, చలిమంట అని నేనూ అడగను. వెలుతురుకి తాబేలు పిల్లలు దారితప్పి రోడ్డువైపు పోతాయి. ఒక చిన్నమాట. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేవి ఆడ తాబేళ్ళే. మగది పిల్లగా నీళ్ళలోకి దిగాక మళ్ళీ నేలెక్కదు. అర్ధరాత్రి ఆ ఇసకమీద ఒంటరిగా నడిచేది ఆడదే, దాన్ని చూడడానికి హాస్టల్ అమ్మాయికి ఉత్తరం కావాలి.

ఫిబ్రవరి నడకకి ఆ అమ్మాయి మళ్ళీ ఉత్తరం రాస్తోంది. ఈసారి కింద నేనూ సంతకం పెడుతున్నాను. డిపార్టుమెంటు తరఫున ఒక మేడమ్ వెంట వస్తే ఇంకా మంచిది, చెప్పులు మాత్రం పాతవి వేసుకుని రావాలి. పేరు చేర్చేవాళ్ళు శుక్రవారం లోపల నన్ను లైబ్రరీలో కలవండి.