చిక్కిపోయిన మనవలు

ఇక్కణ్ణుంచి పంపిన పుట్టినరోజు డీవీడీలో మనవలు సన్నగా, పొడుగ్గా కనబడితే ఇండియాలో అమ్మమ్మలు బెంగపడిపోతారు. లోపం తిండిలో లేదండీ, బర్న్ చేసేటప్పుడు పెట్టిన సెట్టింగులో ఉంది. హెచ్‌డీ బొమ్మ 1920×1080, అంటే 16:9. అమెరికా డీవీడీలో 16:9 బొమ్మయినా, 4:3 బొమ్మయినా 720×480 చుక్కల్లోనే ఇమడాలి. దాన్ని మళ్ళీ వెడల్పు చేసి చూపమని ప్లేయరుకి చెప్పేది డిస్కులో ఉండే 16:9 గుర్తే. అక్కడ 4:3 అని వదిలేస్తే అంతే సంగతులు.

పాత టీవీలో పైనా కిందా నల్లపట్టీలు వస్తాయని కొందరు పక్క అంచులు కత్తిరించేస్తారు. నాకది బొత్తిగా నచ్చదు. కేకు దగ్గరికి రాకుండా గోడవారగా నించున్న చిన్నది ఆ అంచులోనే కదా ఉండేది! నల్లపట్టీలు ఉండనివ్వండి. అక్కడి ప్లేయర్లో ‘4:3 లెటర్‌బాక్స్’ పెట్టాలని ఫోన్లో చెబితే పక్కింటి కుర్రాడు చేసేస్తాడు.