వంటింటి వెలుతురుకి ఏ లెన్సు?

అమ్మ పోయాక పటం కట్టించడానికి మంచి ఫోటో కోసం ఆల్బమ్‌లన్నీ తిరగేశాం. నాన్నకి ఫోటోల పిచ్చి. ఆగ్ఫా క్లిక్ కెమెరా ఉండేది, రోలుకి 12 బొమ్మలు. గుడి మెట్ల మీద అమ్మ, పెళ్ళిళ్ళలో పట్టుచీర కట్టుకున్న అమ్మ, పెరట్లో ముద్దబంతి మొక్క పక్కన అమ్మ. నలభై ఏళ్ళపాటు రోజుకి ఆరేడు గంటలు గడిపిన వంటింట్లో మాత్రం ఒక్క ఫోటోలోనూ అమ్మ లేదు.

చాలాకాలం నాన్ననే తప్పుపట్టాను. ఆ తప్పులో కొంత వాటా కెమెరాదని తర్వాత తెలిసింది. అది ఎండలో వాడుకునే కెమెరా. ఒక్క కిటికీ, పొగచూరిన గోడలు ఉన్న గది దానికి కనపడదు. మరి ఆ గదిని అంత చీకటిగా కట్టిందెవరు? అదీ అడగాల్సిన ప్రశ్నే.

యాభై రెండో ఏట, ఆడవాళ్ళు పని చేస్తుండగా ఫోటోలు తీయాలని కెమెరా కొనడానికి వెళ్ళాను. కౌంటర్ వెనకున్న కుర్రాడు మొదట అడిగింది, "సారు రాలేదా మేడమ్?" అని. రాలేదన్నాను. "మీకు సింపుల్‌గా ఉండేది ఇస్తా"నని గులాబీరంగు పర్సులో పట్టే బొమ్మలాంటిది తీశాడు. కాదంటే ఈసారి రెండు లెన్సుల కిట్టు ముందు పెట్టాడు. ఒకటి 18-55, ఇంకోటి 70-300. "దీంతో చెట్టు మీది పిట్టని కూడా లాగేయొచ్చు మేడమ్!"

నాకు పిట్టలు అక్కర్లేదు. బీడీలు చుట్టే చేతులు కావాలి. అప్పడాలు ఒత్తే భుజాలు కావాలి. అవన్నీ ఉండేది ఇళ్ళలోపల, మసక వెలుతురులో.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నా స్త్రీవాద మిత్రురాలొకరు, "పరికరానిదేముంది, చూపు ముఖ్యం కానీ" అన్నారు. ఈ మాటతోనే నాకు పేచీ. చూపు మనకి ఎప్పుడు లేదు? లేనిది పరికరం, దాన్ని కొనుక్కునే డబ్బు, దాని గురించి నాలుగు మాటలు చెప్పేవాళ్ళు. సాంకేతిక జ్ఞానాన్ని మగవాళ్ళ సొత్తుగా వదిలేసి, చూపు మాత్రం మనదని మురిసిపోతే చివరికి మిగిలేది మళ్ళీ గుడి మెట్ల ఫోటోలే.

అదేమంత బ్రహ్మవిద్య కూడా కాదు. లెన్సు మీద 'ఎఫ్' పక్కన ఉండే అంకె ఎంత చిన్నదైతే దాని కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. కిట్టులో వచ్చే 18-55 లెన్సుని 55 దగ్గర పెడితే ఆ అంకె 5.6. జూమ్ లేని చవక 50 మి.మీ. లెన్సుకి 1.8. అంటే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు! మొదటిదానికి సెకనులో ఆరోవంతు సమయం పట్టే చోట రెండోదానికి అరవయ్యో వంతు చాలు. ఆరోవంతులో దోసె తిప్పే చెయ్యి చెదిరిపోతుంది. అరవయ్యో వంతులో గాజులతో సహా నిలబడే అవకాశం ఉంటుంది. స్త్రీల శ్రమ కనబడటానికీ కనబడకపోవటానికీ మధ్య ఒక్కోసారి ఉండే తేడా ఇంతే.

ఇక ఆ 70-300. దూరంగా నిలబడి, అవతలి మనిషికి తెలియకుండా, నాట్లేసే ఆడవాళ్ళ వంగిన నడుముల్ని 'లాగేసే' ఫోటోలు మనం పోటీల్లో ఎన్ని చూడలేదు? జూమ్ లేని చిన్న లెన్సుతో ఆ పని కుదరదు. దగ్గరికి వెళ్ళాలి, పలకరించాలి, "తీయనా అమ్మా?" అని అడగాలి. వద్దంటే మానెయ్యాలి.

నేను చేసిన పొరపాట్లూ చెబుతాను, మీకు డబ్బు మిగులుతుంది. మొదట సెకండ్ హ్యాండ్‌లో పాత నికాన్ 50 మి.మీ. 'ఏఎఫ్-డి' లెన్సు కొన్నాను. డి3000, డి5000 శ్రేణుల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, కాబట్టి ఆ లెన్సు వాటంతట అవి ఫోకస్ చేయలేవు. నా బాడీ అదే శ్రేణిది. అమ్మినవాడు ఆ ముక్క చెప్పలేదు. వాటికి మోటారున్న 'ఏఎఫ్-ఎస్' లెన్సు కావాలి. రెండో పొరపాటు, 50 చిన్న గదులకి ఇరుకు. ఈ చిన్న సెన్సార్ కెమెరాల మీద అది 75లా చూస్తుంది. మనిషి మొత్తం పట్టాలని వెనక్కి జరిగితే నా వీపు గోడకి ఆనింది! ముఖాలకీ చేతులకీ 50 బాగుంటుంది. వంటింటికి 35 మి.మీ., ఎఫ్ 1.8 మేలు.

కంపెనీలు మిర్రర్‌లెస్ వైపు మళ్ళాక పాత డి.ఎస్.ఎల్.ఆర్.లు చవకయ్యాయి. బాడీకి 14,000, లెన్సుకి 6,000, వెరసి 20,000తో నా పని అయింది. పాత లెన్సు కొనేముందు టార్చి వేసి లోపల చూడండి. సాలెగూడులాంటి పోగులుంటే అది బూజు, కొనకండి. బాడీ ఎన్ని వేల ఫోటోలు తీసిందో అడగండి. అదీ భారమైతే ముగ్గురు కలిసి కొనండి, చీటీలు వేసుకోవడం మనకి కొత్తేమీ కాదుగా!

ఫోను చాలదా అంటారు. పగటి వెలుతురులో చాలు, దాంతోనే మొదలుపెట్టండి. కానీ చీకట్లో ఫోను చర్మం మీది గీతల్ని నున్నగా చేసేస్తుంది. పైగా ఎన్ని ఇళ్ళలో ఆ ఫోను ఆమెది?

భారతదేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారవాలా తొలినాళ్ళ ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. 2011లో పద్మవిభూషణ్ వచ్చేనాటికి ఆమెకి తొంభై ఏడేళ్ళు. కెమెరా చేతిలో ఉన్నా పేరు కోసం ఇంత ఆగాల్సివస్తే, కెమెరానే లేనివాళ్ళ సంగతేమిటి? ఇంటిచాకిరీ గురించి మనం ఎన్నో పేజీలు రాశాం. వాటి పక్కన వేసిన ఫోటోలు ఎవరు తీశారో ఎప్పుడైనా చూశామా?

మొన్న అక్క పొయ్యి దగ్గరుంటే ఒకటి తీశాను. చూసి, "ఇదేంటే, మసిగుడ్డ కూడా పడిందీ!" అంది.

పడాలనే తీశాను.