ఎర్ర బటన్ నొక్కి బడికొచ్చినవాళ్లు

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమంటే ఎవరైనా విద్య విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాస్తారు. మేము జపాను బొమ్మల కథ గురించి రాస్తామంటే సంపాదక వర్గంలోని అన్నలు ముందు నవ్వారు. తర్వాత "సరే రాయండి, కానీ పిచ్చి రాతలు రాయకండి" అన్నారు. ఇది పిచ్చి రాతో కాదో చదివాక మీరే చెప్పండి. ఈ బొమ్మల మీద మా హాస్టల్లో మూడు రాత్రులు వాదన జరిగింది. ఇద్దరు మిత్రులు మాట్లాడుకోవడం కూడా మానేశారు. మూడో రోజు సాంబారు గిన్నె దగ్గర మళ్లీ కలిశారనుకోండి, అది వేరే సంగతి.

ఆ బొమ్మల కథ పేరు 'ఇసెకై క్వార్టెట్'. ఇసెకై అంటే జపాను భాషలో వేరే లోకం. మా పూర్వ విద్యార్థి ఒకాయన ఒక ఆదివారం ల్యాప్‌టాప్‌తో వచ్చి స్టడీ అవర్ అయ్యాక చూపించారు. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతుంటాయి. పదో తరగతి వాడొకడు వాటిని చదివి అప్పటికప్పుడు తెలుగులో చెబుతుంటే మిగతావాళ్లం విన్నాం. ఈ పదో తరగతి వాడిని గుర్తుపెట్టుకోండి, వాడి సంగతి మళ్లీ వస్తుంది.

కథ చెప్పాలంటే రెండు నిమిషాల పని. నాలుగు వేర్వేరు కథల్లోని వాళ్లకు ఎక్కడి నుంచో ఒక ఎర్ర బటన్ కనబడుతుంది. నొక్కుతారు. నొక్కగానే అందరూ ఒక కొత్త లోకంలో పడతారు. అక్కడ వాళ్లు రాజులు కాదు, సైనికులు కాదు, దేవతలు కాదు. బడిపిల్లలు. యూనిఫాం వేసుకుని తరగతిలో కూర్చోవాలి. అంతే.

ఆ నాలుగు కథలూ ఏవో తెలియకపోతే నవ్వు రాదు, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. 'ఓవర్‌లార్డ్'లో ఐంజ్ అనే అస్థిపంజరం ఒక మహా సమాధికి ప్రభువు. 'కోనోసుబా'లో కజుమా అనే కుర్రాడు చచ్చిపోయి, కొత్త లోకానికి పోతూ పోతూ ఆక్వా అనే దేవతనే వెంట లాక్కుపోతాడు. 'రీ జీరో'లో సుబారు చచ్చిన ప్రతిసారీ కాలం వెనక్కి పోయి మళ్లీ బతుకుతాడు, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేడు. నాలుగోది తాన్యా కథ. టోక్యోలో కంపెనీ ఉద్యోగి ఒకడు దేవుణ్ణి నమ్మనన్నందుకు వేరే లోకంలో అనాథ ఆడపిల్లగా పుట్టి, చిన్న వయసులోనే సైన్యంలో అధికారి అవుతాడు. తనను ఈ గతికి తెచ్చినవాడు దేవుడని ఒప్పుకోవడానికి అప్పటికీ ఇష్టపడడు.

ఇప్పుడు చూడండి. దేవుడంటేనే మండిపడే తాన్యా, నేను దేవతనని చెప్పుకునే ఆక్వా ఒకే గదిలో. చచ్చి తిరిగేవాళ్లంటే పడని ఆక్వా, ఒంటి మీద కండ అనేదే లేని ఐంజ్ ఒకే గదిలో. ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టాక రచయిత ప్రత్యేకంగా హాస్యం వెతుక్కోవాలా?

ఇందులో వింతేముంది, మన వాళ్లు ఎప్పుడో చేశారని మా తెలుగు మాస్టారు అన్నారు. నిజమే. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం పెట్టిన 'గయోపాఖ్యానం' వ్యాస భారతంలో లేదు. అయినా చిలకమర్తి వారి నాటకాన్ని ఊరూరా ఆడారు, జనం తెల్లవార్లూ కూర్చున్నారు. 1977లో వచ్చిన 'యమగోల'లో యముడు భూమ్మీదికొచ్చి పడ్డ పాట్లకు మా తాతల తరం ఇప్పటికీ నవ్వుతుంది. ఒక కథలోని పెద్దమనిషిని ఇంకో చోట కూర్చోబెడితే ఏమవుతుందన్న సరదా మనకు కొత్త కాదు.

ఈ నాలుగూ మొదట ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన నవలలు. చదివినవాళ్లు మెచ్చుకుంటే పుస్తకాలయ్యాయి, పుస్తకాలు అమ్ముడుపోతే బొమ్మల కథలయ్యాయి. 'ఓవర్‌లార్డ్' 2015లో, 'కోనోసుబా', 'రీ జీరో' 2016లో, తాన్యా కథ 2017లో తెర మీదికొచ్చాయి. నాలుగు పుస్తకాలూ కడొకావా అనే ఒకే పెద్ద ప్రచురణ సంస్థ నీడలోనివి. అందుకే కలపడం సాధ్యమైంది. కాబట్టి ఇందులో వ్యాపారం లేదని మేము అనం. ఒకటి చూసినవాడు మిగతా మూడూ కొనుక్కోవాలనే ఎత్తు ఉంది. 2019 ఏప్రిల్‌లో మొదటి భాగం మొదలైంది. స్టూడియో పుయుకై వాళ్లు తీశారు, అషినా మినోరు దర్శకుడు. అందరికీ పెద్ద తల, చిన్న ఒళ్లు. ఒక్కో భాగం పావుగంట కూడా ఉండదు. మెగుమిన్ అనే మంత్రగత్తె పిల్లకూ, ఎమిలియాకూ గొంతు ఇచ్చింది ఒక్కరే, తకహాషి రియె. ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చున్నారంటే ఆమె తనతో తనే మాట్లాడుకోవాలన్నమాట. ఈ ముక్క తెలిశాక మేము కళ్లు మూసుకుని విన్నాం. అయినా ఇద్దరూ ఒకరే అనిపించలేదు.

అసలు విషయానికి వస్తాం. మాకు ముందుగా నచ్చింది ఎమిలియా. ఆమె వెండి జుట్టు పిల్ల, సగం ఎల్ఫ్. తన లోకంలో వెనకటికి ఒక మంత్రగత్తె ఉండేది, లోకాన్ని నాశనం చేసింది. ఆమెదీ వెండి జుట్టే, ఆమే సగం ఎల్ఫే. అంతే, ఈ పిల్ల ఏ తప్పూ చేయకపోయినా జనం చూసి జంకుతారు, ముఖం తిప్పుకుంటారు. బయటికి పోవాలంటే తానెవరో తెలియనివ్వని మాయ వస్త్రం కప్పుకోవాలి. పుట్టుక చూసి మనిషిని లెక్కగట్టడమంటే ఏమిటో మాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ ఈ బడిలో ఏమైంది? కజుమాకు ఆ మంత్రగత్తె ఎవరో తెలియదు. తాన్యాకు తెలియదు. ఐంజ్ పక్కనున్న రాక్షసులకూ తెలియదు. వాళ్లకు ఎమిలియా అంటే మంచి పిల్ల, కొంచెం అమాయకురాలు. మా అందరికంటే పెద్ద అక్షరాలతో ఇది రాయాలనిపించింది. వేరే వేరే లోకాల వాళ్లను కలిపితే కొందరి నెత్తిన బరువు దానంతటదే దిగిపోతుంది. హాస్టల్లో చేరిన మొదటి వారం మాలో చాలామందికి అలాగే అనిపించింది. నీ ఇల్లు ఊళ్లో ఏ వైపు అని అడిగే మనిషి లేడు.

రెండోవాడు ఐంజ్. మూల నవలల్లో అతని పూర్వ జీవితం ఉంది. పేరు సుజుకి సతోరు. తల్లి కష్టం చేసి చేసి కన్నుమూసింది. అతను ప్రాథమిక పాఠశాల దాటి చదువుకోలేదు, పనిలో చేరిపోయాడు. అలాంటివాడు ఆటలో రాజై, బటన్ నొక్కి, తానెప్పుడూ మెట్లెక్కని హైస్కూల్లాంటి బడిలో యూనిఫాం వేసుకుని కూర్చున్నాడు! బొమ్మల కథలో దీన్ని ఎత్తి చూపరు, నవ్విస్తూ పోతారు. ఈ సంగతి చెప్పినాక మాత్రం అస్థిపంజరం డెస్కు ముందు కూర్చున్న ప్రతిసారీ మాలో ఒకడు నవ్వడం మానేశాడు. వాడి అన్న ఐదో తరగతితో ఆపేశాడు.

ఇంతవరకు గొడవ లేదు. గొడవ రాఫ్తాలియాతో వచ్చింది.

2020 జనవరిలో మొదలైన రెండవ భాగంలో ఐదో కథ వాళ్లు కూడా వచ్చి చేరారు. అది డాలు వీరుడి కథ, తెర మీదికి 2019లో వచ్చింది. నావొఫుమి అనే కుర్రాడి మీద అబద్ధపు నింద వేసి అందరూ వెలివేస్తారు. ఎవరినీ నమ్మలేని స్థితిలో అతను బానిసల వ్యాపారి దగ్గరికి పోయి ఒక పిల్లను కొంటాడు. ఆ పిల్లే రాఫ్తాలియా. తల్లిదండ్రులు పోయి, దగ్గుతో, భయంతో బోనులో ఉన్న పిల్ల. ఒంటి మీద బానిస ముద్ర. తర్వాత అతను ఆమెను బాగానే చూసుకుంటాడు, ఆమె కత్తి పట్టి యోధురాలవుతుంది. ఒకసారి ఆ ముద్ర తీసేస్తారు కూడా. ఆమె మళ్లీ కోరి వేయించుకుంటుంది. ఆ ఘట్టం మీద జపాను బయట చాలామంది మండిపడ్డారు. మాకూ అది గొంతు దిగలేదు.

ఇప్పుడు ఆ ఇద్దరూ ఈ బడిలో ఉన్నారు. ఇద్దరూ విద్యార్థులే. ముద్ర మాట ఎవరూ ఎత్తరు. అందరితో పాటు నవ్వుతుంది, పాపం ఫిలో అల్లరి భరిస్తుంది. కానీ పిలుపు మారలేదు. 'నావొఫుమి సామా' అనే పిలుస్తుంది. సామా అంటే పెద్దలను, యజమానులను గౌరవంగా పిలిచే మాట.

మాలో ఒక వర్గం వాదన ఇది: బడిలో పాత సంగతులు ఎత్తకపోవడమే మర్యాద. ఎమిలియాకు మంచిదైంది రాఫ్తాలియాకు చెడ్డదెలా అవుతుంది? పన్నెండు నిమిషాల నవ్వులాటలో బానిసత్వం గురించి ఉపన్యాసం పెట్టాలా? రెండో వర్గం ఒప్పుకోలేదు. ఎమిలియా కొత్త మనుషుల మధ్య పడింది కాబట్టి బరువు దిగింది, రాఫ్తాలియాకు కొన్నవాడు కూడా వెంట వచ్చాడు అన్నారు. మేము రెండో వర్గం. ఆ బడిలోనే ఇంకా చూడండి. ఐంజ్ సేవకులంతా సాటి విద్యార్థులైనా అతణ్ణి ప్రభువులాగే కొలుస్తారు. సుబారు కథలో రోస్వాల్ ఒక పెద్ద జమీందారు, ఇక్కడ ఆయనే మాస్టారు. ఆయన ఇంట్లో పనిచేసే కవలలు రెమ్, రామ్ ఇక్కడ విద్యార్థినులు. యూనిఫాం అందరికీ ఒకటే గానీ ఎవరి ముందు ఎవరు లేచి నిలబడాలో యూనిఫాం చెప్పలేదు, పాత లోకమే చెప్పింది. మాతో పాటు అదే హైస్కూలుకు మా ఊరి పెద్దింటి పిల్లవాడు వచ్చిన సంవత్సరం మాలో ఒకడు తరగతిలో వెనక బెంచీకి మారాడు. వాణ్ణి ఎవరూ మారమనలేదు.

అలాగని ఈ కథ తీసినవాళ్లను తిట్టడం మా ఉద్దేశం కాదు. ఐంజ్ సేవకుల విషయంలో వాళ్లు ఆ తేడాతోనే నవ్వించారు. ఆ ప్రభువు లోపల హడలిపోతూ పైకి గంభీరంగా ఉంటాడు, వీళ్లు ప్రతి మాటలోనూ మహా వ్యూహం చూస్తారు. అక్కడ నవ్వు ప్రభువు మీద పడింది. రాఫ్తాలియా దగ్గర ఆ ధైర్యం చేయలేదన్నదే మా ఫిర్యాదు. నావొఫుమి మీద ఒక్క జోకు వేసి ఉంటే చాలు, ఆ పిల్ల తరఫున.

ఇక ఆ పదో తరగతి వాడి సంగతి. మొదటి రాత్రి వాడు ఐంజ్ దగ్గర 'సామా'ను "ప్రభూ" అన్నాడు, అందరం పడి పడి నవ్వాం. అదే ఊపులో రాఫ్తాలియా నోట "దొరా" అన్నాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎవరో వెనక నుంచి "ఆ మాట వద్దురా" అన్నారు. వాడు "మరి ఏమనాలి?" అన్నాడు. "అయ్యగారూ" అని ఒకడు, అదింకా ఘోరమని ఇంకొకడు. "సార్" అంటే మాస్టారిని పిలిచినట్టుందన్నారు. "ఏవండీ" అన్నవాడిని కొట్టబోయారు. బొమ్మ ఆపి ఇరవై నిమిషాలు ఇదే గొడవ.

2022లో వచ్చిన సినిమా, 2025 అక్టోబరులో మొదలైన మూడవ భాగం మేమింకా చూడలేదు. ల్యాప్‌టాప్ తెచ్చిన అన్న మళ్లీ వస్తానన్నారు. ఈ వ్యాసం చూస్తే త్వరగా రావాలని మనవి. మరుసటి ఆదివారం ఆరో తరగతి పిల్లలు గొడవ చేస్తే ఆ రెండవ భాగమే మళ్లీ వేశాం. రాఫ్తాలియా నోరు తెరవగానే పదో తరగతి వాడు మా వంక ఒకసారి చూసి, "నావొఫుమి అన్నా" అన్నాడు. అది తప్పు అనువాదమని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ దిద్దలేదు.